మెడ వెన్నుపూసల ఎక్స్-రే

మెడ వెన్నుపూసల ఎక్స్-రే అనేది తలకు గాని మెడకు గాని దెబ్బ తగిలినవారికి అత్యవసర విభాగంలో తీసే ఒక పరీక్ష. మెడలోని ఏడు వెన్నుపూసలలో ఏదైనా విరిగిందా, ఒక పూస మరొకదాని మీద నుండి జారిందా, పూసలను కలిపి ఉంచే బంధనాలు తెగిన జాడలు ఉన్నాయా అనే విషయాలు తెలుసుకోవడానికి ఈ చిత్రాలు తోడ్పడతాయి. ఈ పూసల మధ్య నుండి వెన్నుపాము పోతుంది. విరిగిన పూస నిలకడ తప్పి ఉంటే కొద్దిపాటి కదలికకే వెన్నుపాము నలిగి కాళ్ళు, చేతులు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. గాయం మెడ పైభాగంలో ఉంటే శ్వాస కూడా ఆగిపోవచ్చు.

చిత్రంలో లోపం కనిపిస్తే వైద్యులు జాగ్రత్త పడతారు. లోపం లేదని చెప్పినపుడు మాత్రం మెడకు వేసిన కాలర్ తీసివేస్తారు, రోగిని లేపి కూర్చోబెడతారు, కొన్నిసార్లు ఇంటికి కూడా పంపుతారు. కావున ఈ పరీక్షలో "అంతా సహజంగా ఉంది" అనే నిర్ణయమే అన్నిటికంటె బరువైనది. ఆ నిర్ణయానికి రావాలంటే సహజమైన మెడ ఎక్స్-రేలో ఎలా కనిపిస్తుందో ముందుగా తెలిసి ఉండాలి.

శరీర నిర్మాణం

వైద్యులు మెడలోని ఏడు పూసలను పైనుండి క్రిందికి సి1 మొదలు సి7 వరకు లెక్కిస్తారు. సి7 క్రింద ఛాతీకి చెందిన పూసలు టి1తో మొదలవుతాయి.

మొదటి పూస సి1ను అట్లాస్ అంటారు. ఇది గ్రీకు పురాణాలలో ఆకాశాన్ని భుజాలపై మోసినవాని పేరు. ఈ పూస కపాలాన్ని మోస్తుంది. మిగిలిన పూసలకు ఉన్నట్లు దీనికి దిమ్మె వంటి దేహం ఉండదు, ఉంగరం ఆకారంలో ఉంటుంది. రెండవ పూస సి2ను యాక్సిస్ అంటారు. దీని దేహం నుండి పన్ను ఆకారంలో ఒక కొస పైకి లేచి అట్లాస్ ఉంగరంలోకి చొచ్చుకొని ఉంటుంది. ఈ కొసను డెన్స్ అంటారు. తలను ఇటూ అటూ త్రిప్పినపుడు అట్లాస్ దీని చుట్టూ తిరుగుతుంది.

సి3 నుండి సి7 వరకు ఉన్న పూసలు దాదాపు ఒకే పోలికలో ఉంటాయి. ప్రతి పూసకు ముందువైపు దిమ్మె వంటి దేహం, దాని వెనుక వెన్నుపామును కప్పి ఉంచే పలకలు, ఆ పలకలు కలిసే చోట వెనుకకు పొడుచుకొని వచ్చిన ముల్లు ఉంటాయి. ఇరుప్రక్కలా పై పూసను క్రింది పూసతో కలిపే ఫేసెట్ కీళ్ళు ఉంటాయి. తల వంచినపుడు మెడ వెనుక అడుగుభాగాన చేతికి తగిలే గుబ్బ సాధారణంగా సి7 పూస ముల్లు.

ఊపిరి పీల్చడానికి ముఖ్యమైన డయాఫ్రం కండరానికి పోయే నరం సి3, సి4, సి5 స్థాయిలలో వెన్నుపాము నుండి పుడుతుంది. మెడ పైభాగపు గాయాలు ప్రాణాంతకం కావడానికి కారణం ఇదే.

ఎవరికి అవసరం

మెడకు దెబ్బ తగిలిన ప్రతివారికీ చిత్రాలు తీయనవసరం లేదు. ఎవరికి తీయాలో నిర్ణయించడానికి రెండు నియమావళులు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి.

మొదటిది నెక్సస్. అమెరికాలోని 21 ఆసుపత్రులలో 34,069 మందిపై జరిపిన ఈ అధ్యయనం 2000లో ప్రచురితమైనది. దీని ప్రకారం క్రింది అయిదు విషయాలూ నిజమైతే చిత్రాలు అవసరం లేదు.

1. మెడ వెనుక నడిమి భాగాన నొక్కితే నొప్పి లేకపోవడం
2. మద్యం వంటి మత్తులో లేకపోవడం
3. పూర్తి స్పృహలో, తెలివిగా ఉండడం
4. కాళ్ళు చేతులలో పట్టు తప్పడం, స్పర్శ పోవడం వంటి నరాల లోపం లేకపోవడం
5. మెడ నొప్పి మీదకు దృష్టి పోనివ్వనంత బాధాకరమైన మరొక గాయం లేకపోవడం

ఆ అధ్యయనంలో మెడ వెన్నెముకకు గాయమైనవారు 818 మంది ఉండగా, ఈ నియమాలు వారిలో 8 మందిని తప్ప మిగిలిన అందరినీ గుర్తించాయి.

రెండవది కెనడా నియమావళి. పూర్తి స్పృహలో, నిలకడగా ఉన్న 8,924 మంది పెద్దలపై జరిపిన ఈ అధ్యయనం 2001లో వెలువడినది. వయస్సు 65 ఏళ్ళు లేక అంతకు మించినవారికి, ప్రమాదకరమైన రీతిలో దెబ్బ తగిలినవారికి, కాళ్ళు చేతులలో తిమ్మిరి ఉన్నవారికి ఇది చిత్రాలు తప్పనిసరి చేస్తుంది. మూడు అడుగులు లేక అయిదు మెట్ల ఎత్తు నుండి పడడం, నడినెత్తి మీద భారం పడడం ప్రమాదకరమైన రీతులలో కొన్ని. తాటిచెట్టు నుండి జారిపడిన గీత కార్మికులు, లోతు తక్కువ బావిలోకి తలక్రిందులుగా దూకినవారు ఈ కోవలోకే వస్తారు. ఈ మూడు కారణాలూ లేనివారిలో ప్రమాదం తక్కువని తెలిపే గుర్తు ఒక్కటైనా ఉంటే, తలను ఇరువైపులా 45 డిగ్రీలు తమంతట తాము త్రిప్పగలరేమో చూస్తారు. త్రిప్పగలిగితే చిత్రాలు అవసరం లేదు.

తీసే చిత్రాలు

రోగిని వెల్లకిల పడుకోబెట్టి, కాలర్ తీయకుండా, మెడ కదలకుండా చిత్రాలు తీస్తారు. సాధారణంగా ఇవి మూడు.

* ప్రక్క చిత్రం: కిరణాలు మెడకు ఒక ప్రక్క నుండి మరొక ప్రక్కకు పోతాయి. ఎక్కువ లోపాలు ఇందులోనే తెలుస్తాయి.
* ముందు-వెనుక చిత్రం: కిరణాలు గొంతువైపు నుండి వీపువైపుకు పోతాయి. సాధారణంగా సి3 నుండి క్రింది పూసలు ఇందులో కనిపిస్తాయి.
* నోరు తెరిచిన చిత్రం: తెరిచిన నోటి గుండా తీసేది. మొదటి రెండు పూసలు, డెన్స్ ఇందులో కనిపిస్తాయి. స్పృహ లేనివారికి, నోటిలో గొట్టం ఉన్నవారికి దీనిని సరిగా తీయడం కుదరదు.

భుజాలు అడ్డురావడం వలన ప్రక్క చిత్రంలో సి7 పూస కనిపించకపోతే ఈతగాని భంగిమలో మరొక చిత్రం తీస్తారు. ఇందులో ఒక చేయి తలపైకి, రెండవది ప్రక్కకు ఉంటుంది. చేయి ఎత్తడం వలన ప్రమాదం ఉందనుకుంటే నేరుగా సి.టి. స్కాన్ చేస్తారు.

చిత్రం చదవదగినదేనా?

పూసలను పరిశీలించడానికి ముందు, చిత్రం పరిశీలనకు సరిపోతుందో లేదో తేల్చుకోవాలి. ప్రక్క చిత్రంలో కపాలం అడుగుభాగం నుండి టి1 పూస పై అంచు వరకు స్పష్టంగా కనిపించాలి. పూసలను వ్రేలితో పైనుండి ఒక్కొక్కటిగా లెక్కించడం మంచి పద్ధతి. ఆరు మాత్రమే లెక్కకు వస్తే చిత్రం ఎంత అందంగా ఉన్నా అది అసంపూర్ణమే.

బలమైన భుజాలు, పొట్టి మెడ ఉన్నవారిలో సి7, టి1 పూసల కూడలి నీడలో కలిసిపోతుంది. కదిలే మెడ, అంతగా కదలని ఛాతీ కలిసే చోటు కావడం వలన ఇక్కడ గాయాలు అరుదు కావు. కనిపించని పూస విషయంలో చిత్రం ఏ సాక్ష్యమూ చెప్పదు. ఆరు పూసలు సరిగా ఉన్నవి కాబట్టి ఏడవది కూడా సరిగానే ఉంటుందని అనుకోవడం మెడ గాయాలు కంటపడకుండా పోవడానికి పేరుపొందిన కారణాలలో ఒకటి.

ప్రక్క చిత్రాన్ని చదివే క్రమం

చిత్రాన్ని ప్రతిసారీ ఒకే క్రమంలో చదవడం అలవాటు చేసుకుంటారు. కొట్టవచ్చినట్లు కనిపించే ఒక లోపం దొరకగానే చూపు అక్కడ ఆగిపోయి రెండవ లోపాన్ని వదిలివేసే ప్రమాదం ఉంది. క్రమం పాటిస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. వాడుకలో ఉన్న క్రమం: అమరిక, ఎముకలు, ఖాళీలు, మృదు కణజాలం.

అమరిక: సహజమైన మెడ ముందుకు కొద్దిగా వంగిన విల్లు వలె ఉంటుంది. దీనిలో నాలుగు గీతలను ఊహించుకోవాలి. పూస దేహాల ముందు అంచులను కలిపేది మొదటి గీత. దేహాల వెనుక అంచులను కలిపేది రెండవది. పలకలు కలిసి ముల్లు మొదలయ్యే చోట్లను కలిపేది మూడవది. ముళ్ళ కొసలను కలిపేది నాలుగవది. రెండవ, మూడవ గీతల మధ్య ఉన్న దారిలోనే వెన్నుపాము ఉంటుంది. మొదటి మూడు గీతలు ఎక్కడా మెట్టు లేకుండా సాఫీగా సాగాలి. ముళ్ళ పొడవులు ఒకే విధంగా ఉండవు కాబట్టి నాలుగవ గీత అంత నునుపుగా ఉండదు. పెద్దవారిలో ఒక పూస మరొక పూసపై 3.5 మిల్లీమీటర్లకు మించి జరిగినా, ప్రక్క పూసలతో పోలిస్తే 11 డిగ్రీలకు మించి కోణం ఏర్పడినా నిలకడ తప్పినట్లు అనుమానించాలి.

ఎముకలు: ప్రతి పూస అంచును పెన్సిలుతో గీసినట్లుగా చుట్టూ చూసుకుంటూ రావాలి. సి3 నుండి క్రింది దేహాలు ఇంచుమించు సమానమైన దీర్ఘచతురస్రాల వలె ఉంటాయి. ముందు ఎత్తు వెనుక ఎత్తు కంటె 3 మిల్లీమీటర్లకు మించి తగ్గితే పూస అణగిందని అనుమానిస్తారు. సి2 పూస దేహం వద్ద తెల్లని ఉంగరం వంటి నీడ ఒకటి కనిపిస్తుంది. ఆ ఉంగరం తెగినట్లుంటే డెన్స్ అడుగుభాగం విరిగి ఉండవచ్చు. సి2 పూస వెనుక భాగం ఇరుప్రక్కలా విరగడాన్ని ఉరితీతతో ముడిపెట్టి పేరు పెట్టారు గాని, నేడు ఇది ఎక్కువగా వాహన ప్రమాదాలలో కనిపిస్తుంది.

ఖాళీలు: పూస దేహాల మధ్య డిస్కుల ఎత్తు, వెనుక ముళ్ళ మధ్య దూరం ఇరుగుపొరుగు స్థాయిలతో పోల్చి చూడాలి. రెండు ముళ్ళు మాత్రం విసనకర్ర వలె విడిపోయి ఉంటే వెనుక బంధనాలు తెగి ఉండవచ్చు. ఫేసెట్ కీళ్ళు ఇంటి కప్పు మీది పెంకుల వలె ఒకదానిపై ఒకటి వాలి ఉండాలి. ఒక ప్రక్క కీలు మాత్రమే తొలగితే పై పూస సాధారణంగా క్రింది దేహంలో సగం కంటె తక్కువగా ముందుకు జరుగుతుంది. రెండు ప్రక్కలా తొలగితే సగం లేక అంతకు మించి జరుగుతుంది.

మృదు కణజాలం: పూసల ముందు, గొంతు వెనుక ఉన్న కణజాలం బూడిద రంగు పట్టీ వలె కనిపిస్తుంది. ఎముక విరిగి రక్తం చేరితే ఈ పట్టీ ఉబ్బుతుంది. పైభాగంలో ఇది పలుచగా ఉండి, అన్నవాహిక మొదలయ్యే చోటు నుండి మందంగా మారడం సహజం. ఈ పట్టీ సహజంగా ఉన్నంతమాత్రాన గాయం లేదని చెప్పలేము.

సహజమైన కొలతలు

* అట్లాస్ ముందు కమానుకు, డెన్స్‌కు మధ్య ఖాళీ: పెద్దలలో 3 మిల్లీమీటర్లు, పిల్లలలో 5 మిల్లీమీటర్లు మించరాదు.
* సి2-సి3 ఎదుట మృదు కణజాలం: 7 మిల్లీమీటర్ల లోపు.
* సి6 ఎదుట మృదు కణజాలం: పెద్దలలో 22 మిల్లీమీటర్ల లోపు, పిల్లలలో 14 మిల్లీమీటర్ల లోపు.
* కపాలం అడుగు రంధ్రపు ముందు అంచు నుండి డెన్స్ కొసకు దూరం: పెద్దలలో 12 మిల్లీమీటర్ల లోపు.

ముందు-వెనుక చిత్రం

ఈ చిత్రంలో వెనుక ముళ్ళు మధ్య గీత వెంట ఒకే వరుసలో ఉండాలి. పై ముళ్ళన్నీ ఒక చోట నుండి హఠాత్తుగా ఒక ప్రక్కకు జరిగి ఉంటే ఒక ప్రక్క ఫేసెట్ కీలు తొలగిందని అనుమానిస్తారు. రెండు ముళ్ళ మధ్య దూరం పైన, క్రింద ఉన్న దూరాలకు ఒకటిన్నర రెట్లు దాటితే వెనుక బంధనాలను అనుమానించాలి. కొన్ని పూసల ముల్లు కొసన రెండుగా చీలి ఉండడం సహజమే.

నోరు తెరిచిన చిత్రం

ఈ చిత్రంలో డెన్స్ నడుమ నిలబడి, దానికి ఇరువైపులా అట్లాస్ పక్క దిమ్మెలు కనిపిస్తాయి. దిమ్మెల వెలుపలి అంచులు క్రింద ఉన్న యాక్సిస్ అంచులతో సరిపోవాలి. నడినెత్తి మీద భారం పడినపుడు అట్లాస్ ఉంగరం పగిలి దిమ్మెలు బయటికి జరుగుతాయి. ఈ గాయాన్ని 1920లో వివరించిన బ్రిటిష్ శస్త్రవైద్యుడు జెఫ్రీ జెఫర్సన్ పేరుతోనే నేటికీ పిలుస్తారు. రెండు వైపులా బయటికి జరిగిన దూరం కలిపి 7 మిల్లీమీటర్లు దాటితే డెన్స్‌ను పట్టి ఉంచే అడ్డ బంధనం తెగిందని భావిస్తారు.

తల కొద్దిగా తిరిగి ఉన్నా డెన్స్‌కు ఒకవైపు ఖాళీ ఎక్కువగా, మరొకవైపు తక్కువగా కనిపిస్తుంది. అప్పుడు దిమ్మెల వెలుపలి అంచులు సరిపోయాయా లేదా అన్నది జాగ్రత్తగా చూడాలి.

లోపంలా కనిపించే సహజ స్థితులు

ఎముకలో కనిపించే ప్రతి గీతా విరిగిన గీత కాదు. నోరు తెరిచిన చిత్రంలో పై ముందు పళ్ళ మధ్య సందు డెన్స్ మీద పడి నిలువుగా చీలినట్లు కనిపిస్తుంది. అట్లాస్ వెనుక కమాను అంచు గాని, కపాలం అడుగు అంచు గాని డెన్స్ మొదలును దాటే చోట అడ్డంగా ఒక నల్లని గీత ఏర్పడుతుంది. వెలుగు, నీడ కలిసే అంచున కన్ను లేని గీతను కల్పించుకోవడం దీనికి కారణం. 1865లో ఈ విషయాన్ని వివరించిన శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ పేరున ఈ గీతలను మాక్ పట్టీలు అంటారు. అనుమానపు గీత ఎముక అంచు దాటి బయటికి కూడా సాగితే అది మరొక వస్తువు నీడ అయ్యే అవకాశం ఎక్కువ.

అట్లాస్ కమానులో పుట్టుకతోనే చీలిక ఉండవచ్చు. దాని అంచులు నునుపుగా, తెల్లని పొరతో ఉంటాయి. కొత్తగా విరిగిన ఎముక అంచులు గరుకుగా ఉంటాయి. కాలర్ వేసి పడుకోబెట్టినపుడు, కండరాలు బిగిసినపుడు మెడ విల్లు వంపు పోయి నిటారుగా కనిపించవచ్చు. కేవలం ఈ కారణంగా గాయం ఉన్నదని చెప్పలేము.

పిల్లల మెడ

పిల్లల మెడ ఎక్స్-రేలో పెద్దల కొలతలు వర్తించవు. శరీరంతో పోలిస్తే తల పెద్దది, బంధనాలు సాగుడు గుణం కలవి, కీళ్ళు ఎక్కువ చదునుగా ఉంటాయి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలలో సి2 పూస సి3 మీద ముందుకు జారినట్లు కనిపించడం తరచుగా సహజమే. నిజమైన జారుడును దీని నుండి వేరు చేయడానికి లియొనార్డ్ స్విషుక్ 1977లో ఒక గీతను ప్రతిపాదించాడు. సి1, సి3 పూసల వెనుక పలకలను కలుపుతూ గీసిన ఈ గీతకు సి2 పలక 2 మిల్లీమీటర్లకు మించి దూరంగా ఉంటే గాయాన్ని అనుమానించాలి.

డెన్స్‌కు, సి2 దేహానికి మధ్య మెత్తని ఎముక చిన్నతనంలో నల్లని అడ్డగీత వలె కనిపిస్తుంది. ఇది సాధారణంగా 3 నుండి 6 ఏళ్ళ మధ్య కలిసిపోతుంది. పూస దేహాలు ముందువైపు కొద్దిగా అణగినట్లు ఉండడం, ఏడ్చేటపుడు గొంతు వెనుక కణజాలం ఉబ్బడం కూడా సహజమే. వీటిని తెలియక గాయాలుగా భావిస్తే పిల్లలను అనవసరంగా రోజుల తరబడి కాలర్‌లో బంధించవలసి వస్తుంది.

వృద్ధుల మెడ

వృద్ధులలో అరిగిన డిస్కులు, పెరిగిన ఎముక అంచులు, గుల్లబారిన ఎముక పరిశీలనను కష్టతరం చేస్తాయి. నిలబడిన ఎత్తు నుండి జారిపడినా డెన్స్ విరగవచ్చు. ఈ విరుగుళ్ళను ఆండర్సన్, డి'అలోంజో 1974లో మూడు రకాలుగా విభజించారు. డెన్స్ మొదట్లో విరిగే రెండవ రకం ఎక్కువగా కనిపిస్తుంది, సరిగా అతుక్కోవడం కూడా కష్టం.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వ్యాధిలో పూసలన్నీ అతుక్కొని వెన్నెముక వెదురు గడ వలె కనిపిస్తుంది. ఇటువంటి మెడ చిన్న దెబ్బకే అడ్డంగా విరుగుతుంది. వీరికి కొత్తగా నొప్పి వస్తే ఎక్స్-రే సహజంగా ఉన్నా సి.టి. లేక ఎం.ఆర్.ఐ. స్కాన్ అవసరం.

పరిమితులు, సి.టి. స్కాన్

విల్‌హెల్మ్ రాంట్‌జెన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్న తరువాత దాదాపు వందేళ్ళ పాటు మెడ గాయాలను కనుగొనడానికి ఎక్స్-రేయే ముఖ్య ఆధారంగా ఉండేది. 2005లో ప్రచురితమైన ఒక సమీక్షలో, మెడ గాయాలు ఉన్న ప్రతి వందమందిలో ఎక్స్-రే సుమారు 52 మందిని, సి.టి. స్కాన్ సుమారు 98 మందిని గుర్తించినట్లు తేలింది. 2009లో అమెరికాలోని ఈస్టర్న్ అసోసియేషన్ ఫర్ ది సర్జరీ ఆఫ్ ట్రామా సంస్థ చిత్రాలు అవసరమైన రోగులకు సి.టి. స్కాన్‌నే మొదటి పరీక్షగా సిఫారసు చేసింది. నేడు సి.టి. సదుపాయం ఉన్న చోట్ల పెద్దలకు ఇదే పద్ధతి.

అయినప్పటికీ ఎక్స్-రే చదివే నేర్పు అవసరం తీరిపోలేదు. సి.టి. యంత్రం లేని ఆసుపత్రులలో తొలి నిర్ణయం ఎక్స్-రే పైనే ఆధారపడుతుంది. పిల్లలలో గొంతులోని థైరాయిడ్ గ్రంథిపై పడే కిరణాల మోతాదు తగ్గించడం ముఖ్యం. 22,430 మంది పిల్లలపై జరిపి 2024లో ప్రచురించిన అమెరికా అధ్యయనం, స్పృహ బాగా తగ్గినవారికి, శ్వాస లేక రక్తప్రసరణ దెబ్బతిన్నవారికి, నరాల లోపం ఉన్నవారికి సి.టి. స్కాన్‌ను సూచించింది. మెడ నొప్పి వంటి మధ్యస్థ ప్రమాద సూచనలు ఉన్న పిల్లలకు ముందుగా ఎక్స్-రేను సూచించింది.

ఎక్స్-రేలోను, సి.టి. స్కాన్‌లోను ఎముకలు సవ్యంగా ఉన్నప్పటికీ వెన్నుపాము దెబ్బతిని ఉండవచ్చు. పిల్లలలో ఇటువంటి గాయాలకు పాంగ్, విల్‌బెర్గర్ 1982లో ప్రత్యేకమైన పేరు పెట్టి వర్ణించారు. వీటిని చూపగలిగేది ఎం.ఆర్.ఐ. స్కాన్.

నివేదిక

మంచి నివేదికలో ఏయే చిత్రాలు తీశారు, ఏ పూస వరకు కనిపించింది, కనిపించిన మేరకు అమరిక, ఎముకలు, ఖాళీలు, మృదు కణజాలం ఎలా ఉన్నవి అనే వివరాలు ఉంటాయి. "లోపం లేదు" అనే మాటకు, "కనిపించినంతలో లోపం లేదు" అనే మాటకు మధ్య తేడాను నివేదిక చదివే వైద్యుడు గుర్తించాలి. సి7 కనిపించని చిత్రానికి మొదటి మాట వ్రాయడానికి వీలులేదు.

చిత్రాలు సంపూర్ణంగా, సహజంగా ఉన్నప్పటికీ రోగికి మెడ నడుమ తీవ్రమైన నొప్పి గాని, చేతులలో తిమ్మిరి గాని, పట్టు తగ్గడం గాని ఉంటే పరీక్ష ముగిసినట్లు కాదు. అటువంటివారికి కాలర్ అలాగే ఉంచి, మెడ కదలకుండా కాపాడుతూ సి.టి. లేక ఎం.ఆర్.ఐ. స్కాన్‌కు పంపుతారు.